చుంచులమ్మ ప్రపంచాధిపత్య పథకం

నేను ఎలుకల బొమ్మలు వేస్తాను. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. కొందరికి పూలు కుదురుతాయి, కొందరికి దేవుళ్లు కుదురుతారు, నాకు ఎలుకలు కుదిరాయి. బందరులో కోనేరు సెంటరుకి ఇవతల సందులో, లడ్డూల కొట్టు మీద మేడగదిలో, ‘పిప్పర్మెంటు’ అని పిల్లల పక్షపత్రిక నడుస్తోంది. అందులో మూడేళ్లుగా వస్తున్న ‘చుంచులమ్మ ప్రపంచాధిపత్య పథకం’ అనే బొమ్మల కథ నాదే. కింద మూలన పేరిందేవి అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చూసిన నాథుడు లేడు.

కథ తెలియనివాళ్లకి చెబుతాను. చుంచులమ్మ ఓ ముసలి చుంచెలుక. మహా తెలివైంది. కొక్కిరాయుడు ఆవిడ అల్లుడు, పందికొక్కు. ప్రతి సంచికలోనూ ఆవిడ ప్రపంచాన్ని కైవసం చేసుకోవడానికి ఓ పథకం వేస్తుంది. ఓసారి లోకంలో ఉన్న ఎడమకాలి చెప్పులన్నీ మాయం చేస్తుంది. జనం గడప దాటరు, వీధులన్నీ మనవే అని లెక్క. ఇంకోసారి గడియారాల ముళ్లన్నీ కొరికేస్తుంది. అంతా సిద్ధం, ఇంకొక్క అడుగు వేస్తే ప్రపంచం గుప్పిట్లో. సరిగ్గా అప్పుడు అల్లుడుగారు అలుగుతాడు. గారెల్లో ఉప్పెక్కువైందనో, మరదలు పలకరించలేదనో, మీసాలు వేలాడేసుకుని గోడవైపు తిరిగి కూర్చుంటాడు.

"అల్లుడుగారూ, ప్రపంచమండీ! ఎదురుగా ఉందండీ!" అని చుంచులమ్మ బతిమాలుతుంది.

"ప్రపంచం మీరే ఉంచుకోండి అత్తయ్యగారూ. నాకీ ఇంట్లో గౌరవం లేదు" అంటాడు అల్లుడు. పథకం గంగలో కలుస్తుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆ గోడవైపు తిరిగి కూర్చునే భంగిమ మా ఆయనది. పెళ్లైన కొత్తలో మా పుట్టింట్లో చూసి దాచుకున్నాను. ఆయనకి ఈ సంగతి ఇంకా తెలీదు.

అలా మా మానాన మేం ఓడిపోతూ హాయిగా ఉంటే, మా ఊళ్లో పథకాల సమన్వయ మండలి అని కొత్త ఆఫీసు ఒకటి వెలిసింది. పథకాలు మరీ ఎక్కువైపోయి ఏది ఎవరిదో ఎవరికీ అంతుచిక్కడం లేదట. అందుకని ‘పథకం’ అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడ దాన్ని పట్టుకుని మండలి కిందికి తేవాలని ఉత్తర్వు. చీరల కొట్టువాడు పెట్టిన ఆషాఢం తగ్గింపు పథకాన్ని తీసుకుపోయారు. పాపం, వాడు శ్రావణం వచ్చినా తగ్గింపు ఎత్తెయ్యలేక ఏడుస్తున్నాడు, మండలి అనుమతి కావాలిట. ఆ కథ విని నేను కడుపుబ్బ నవ్వాను. మన దాకా రాదులే అనుకున్నాను.

వచ్చింది. మండలి సంయుక్త సంచాలకులు దర్భా నిత్యానందం గారు స్వయంగా మెట్లెక్కి వచ్చారు. సన్నటి మనిషి, మెడ దాకా గుండీలు. ఆయన రెండు మాటలకోసారి ‘మన ఏలికలు’ అంటారు, అన్నప్పుడల్లా కళ్లు పైకప్పు వైపు వెళ్తాయి. పాలకులంటే మరీ చప్పగా ఉంటుందని, ఆ ఆఫీసులో పైవాళ్లందర్నీ ఏలికలనే రాయాలిట. మా సంపాదకులు కోటంరాజుగారు లేచి కుర్చీ తుడిచి వేశారు.

"అనుమతి లేకుండా మీరొక పథకం నడుపుతున్నట్టు మండలి దృష్టికి వచ్చింది" అన్నారు నిత్యానందం గారు నాతో.

"అది సర్కారు పథకం కాదండీ. ఎలుకలు వేసే పన్నాగం" అన్నాను.

"పైన పేరు ఏమని ఉంది?"

"పథకం అనే ఉంది కానీ..."

"కానీ అన్నది మండలి పరిధిలోకి రాదు మేడమ్. పథకం వస్తుంది." ఆయన సంచిక తిరగేశారు. "లక్ష్యం ప్రపంచాధిపత్యం. చాలా ఉన్నతంగా ఉంది. మన ఏలికల ఆశయాలకి దగ్గరగా కూడా ఉంది. లబ్ధిదారులు ఎవరు?"

"ఎలుకలండీ!"

"అణగారిన వర్గం" అని రాసుకున్నారు ఆయన. "సంతోషం. నేటి నుంచి ఈ పథకం మండలిది. బొమ్మలు మీరే వేస్తుండవచ్చు, ఆక్షేపణ లేదు."

ఆయన మెట్లు దిగీ దిగకముందే నేను కోటంరాజుగారి మీద విరుచుకుపడ్డాను. "పేరు మార్చేద్దామండీ! పథకం అన్న మాట తీసేసి కుట్ర అని పెట్టేస్తాను, పీడా వదులుతుంది."

"కుట్ర అంటే పోలీసులొస్తారమ్మా" అన్నారాయన.

"పోనీ ప్రణాళిక?"

"ప్రణాళికా విభాగం ఈయన ఆఫీసు పక్కనే."

"ఉద్యమం?"

"నాకు బీపీ ఉందమ్మా పేరిందేవీ" అన్నారు కోటంరాజుగారు. ఆయన్ని అనుకుని లాభం లేదు. మా పత్రిక సగానికి సగం బడి లైబ్రరీలకే వెళ్తుంది. సర్కారు వాళ్లు వద్దంటే మర్నాడే తలుపులు మూసుకోవాలి.

వారం తిరక్కుండా నిత్యానందం గారు మళ్లీ వచ్చారు. ఈసారి మూడేళ్ల సంచికలు చంకన పెట్టుకుని వచ్చారు. ముఖం వాడిపోయి ఉంది. ఇంట్లో ఏమైనా అశుభం జరిగిందేమో అని కూడా అనుకున్నాను.

"మేడమ్, మొత్తం చదివాను. ప్రతిసారీ పథకం విఫలమైంది అని రాశారు" అన్నారు, గొంతు తగ్గించి.

"అవునండీ. అదే కదా తమాషా."

"నా సర్వీసులో ఇంతవరకు ఏ పథకమూ విఫలం కాలేదు. కొన్ని ఆశించిన ఫలితాల దిశగా సాగుతున్నాయి. కొన్ని తుది దశలో ఉన్నాయి. ఒకటి నేను చేరకముందు నుంచీ తుది దశలో ఉంది. కానీ విఫలం... ఆ మాట అచ్చులో చూడడం ఇదే మొదటిసారి." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వచ్చే సంచికలో ఎలుకలు ప్రపంచాన్ని జయించాలి."

నాకు ఒళ్లు మండిపోయింది. "జయిస్తే ఇంకేముందండీ? కథ అక్కడితో సరి! ఓడిపోతాయనే పిల్లలకి అవంటే ప్రాణం. లెక్కలు తప్పినవాడు, ఆటల్లో చివరకొచ్చినవాడు, వాళ్లంతా చుంచులమ్మని చూసి మళ్లీ లేస్తారు. ప్రతి పక్షం ఆవిడ మళ్లీ మొదలెడుతుంది చూడండి, అది నా కథ!"

"పిల్లలు లబ్ధిదారులు కారు మేడమ్" అన్నారు నిత్యానందం గారు చాలా మర్యాదగా. "మీరు సహకరించని పక్షంలో మండలి ఎలుకలను స్వాధీనం చేసుకుని వేరొకరిచేత వేయించగలదు."

నా ఎలుకల్ని! ఆ చెవుల వంపు నాకు రావడానికి ఏడాది పట్టింది. ఎవడో వచ్చి చుంచులమ్మకి కిరీటం పెట్టి నిలబెడతాడా? నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో తెలీదు. "ప్రాణం పోయినా గెలిపించను" అన్నాను. కోటంరాజుగారు బీపీ మాత్ర వేసుకున్నారు.

మర్నాడు నన్ను మండలి సమీక్షా సమావేశానికి పిలిచారు. పెద్ద బల్ల, మధ్యలో ప్లాస్టిక్ పూలు, మనిషికో జీడిపప్పు ప్లేటు. ఎలుకల చేత ప్రపంచాన్ని ఎలా జయింపజేయాలి అన్నది ఎజెండా. ఒక్కసారిగా ప్రపంచమంతా వద్దు, ముందు ప్రయోగాత్మకంగా ఒక మండలం జయింపజేసి చూద్దామని తీర్మానించారు. అల్లుడుగారి అలకని లబ్ధిదారుల అసంతృప్తి అన్నారు. దాని పరిష్కారానికి ప్రత్యేక విభాగం పెట్టి, గారెల్లో ఉప్పు చూడడానికి ఒక అధికారిని వెయ్యాలన్నారు. నలుగురు ఆ పోస్టు నాకంటే నాకన్నారు.

అప్పుడు చివర కుర్చీలోంచి ఒకావిడ లేచింది. ప్రసూనాంబ గారు. వ్యవసాయ శాఖ నుంచి వచ్చారు.

"అధ్యక్షా, నాదొక సందేహం. నేను నడుపుతున్నది ఎలుకల నిర్మూలన పథకం. అదీ మండలిదే. ఈ ఎలుకలు ప్రపంచాన్ని ఏలితే నేను ఎవర్ని నిర్మూలించాలి?"

జీడిపప్పు నమిలే చప్పుడు ఆగింది. నిత్యానందం గారు మాత్రం చలించలేదు.

"రెండు పథకాలకీ లబ్ధిదారులు ఒక్కరే కావడం మన అదృష్టం. వేరే గుర్తించనక్కరలేదు. ఉదయం పూట ఆధిపత్యం, మధ్యాహ్నం భోజనం తర్వాత నిర్మూలన. సమన్వయం అంటే అదే కదా."

అందరూ చప్పట్లు కొట్టారు. ప్రసూనాంబ గారు మాత్రం కూర్చోలేదు. "నిర్మూలించిన ఎలుకలు మర్నాడు ఉదయం ఆధిపత్యానికి హాజరు కాకపోతే?" అని అడిగారు. నాకు ఆవిడ మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. నిత్యానందం గారు తలపట్టుకున్నారు. విషయం పైకి, ఏలికల దగ్గరికి పంపారు.

ఈలోగా నేను సంచిక వేసేశాను. చుంచులమ్మ లోకంలోని కుర్చీలన్నిటికీ ఒక్కొక్క కాలు కొరికేస్తుంది, పెద్దలెవరూ కూర్చోలేక లేచి నిలబడతారు, ఇంక కుర్చీలన్నీ మనవే అనగా అల్లుడుగారికి పీట వెయ్యడం మర్చిపోతారు. ఆయన అలుగుతాడు. పథకం విఫలమైంది అని మామూలుకన్నా పెద్ద అక్షరాలతో రాశాను. కోటంరాజుగారు దండం పెట్టి అచ్చుకి పంపారు.

దానితో పైవాళ్లకి తిక్కరేగింది. ఈ ఎలుకల గొడవే వద్దు, మొత్తం రద్దు చేసి పారెయ్యమన్నారు. ఎలుకలు ఇకపై బొమ్మల్లో గానీ మాటల్లో గానీ కనబడకూడదు. కనబడితే పత్రిక మూసేయాలి. ఉత్తర్వు తయారుచెయ్యడానికి నిత్యానందం గారు నా బొమ్మల కథలోంచే ఎలుకల తప్పులన్నీ ఏరి, టైపిస్టు పక్కన నిలబడి చెప్పారట. ఆ టైపిస్టు చేరిన దగ్గర్నుంచీ రోజుకి వందసార్లు ‘ఏలికలు’ అని కొట్టి కొట్టి వేళ్లకి అదే అలవాటు. ఆ ఆఫీసులో ఎలుకలు తిరగడమే గానీ, ఎలుకలు అని టైపు చెయ్యాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, నిర్మూలన కాగితాలు వ్యవసాయ శాఖలోనే తయారయ్యేవి. వేళ్లు వాటి దారిన అవి పోయాయి.

ఉత్తర్వు వెలువడింది. జిల్లాలో ప్రతి ఆఫీసు గోడమీదా అంటించారు. నేను తాలూకాఫీసు దగ్గర నిలబడి చదివాను.

"మన ఏలికలు మూడేళ్లుగా ఒక్క పథకమూ పూర్తి చేయలేదు. దొరికినది దొరికినట్టు మేయడం, అల్లుళ్ల అలకలు తీర్చడం తప్ప వేరే పని చేసిన దాఖలా లేదు. ఓడిన ప్రతిసారీ సిగ్గు లేకుండా మళ్లీ బయలుదేరడం జరుగుతోంది. కావున ఏలికలు పనికిరానివిగా నిర్ధారించి తక్షణం తొలగించడమైనది. ఇకపై ఏలికలు ఎక్కడ కనబడినను సమీప వ్యవసాయ కార్యాలయానికి తెలియజేయవలెను."

నా పక్కన ఓ పెద్దాయన మొత్తం చదివి, "ఇన్నాళ్లకి ఒక్కటి సరిగ్గా రాశారు" అని వెళ్లిపోయాడు. తమాషా ఏమిటంటే ఆ కాగితం అన్ని గోడల మీదా అలాగే ఉంది, అన్ని ఆఫీసుల్లోనూ చదివి సంతకాలు పెట్టుకున్నారు, అందులో అచ్చుతప్పు ఉందని ఒక్కరికీ అనుమానం రాలేదు. చివరికి వ్యవసాయ కార్యాలయానికి ఫోన్లు మొదలయ్యాయి. ఫలానా వీధిలో ఒక ఏలిక కనబడ్డాడు, వచ్చి పట్టుకెళ్లండి అని. ప్రసూనాంబ గారు నిత్యానందం గారికి ఫోన్ చేసి బోనులు పెద్ద సైజువి కావాలని అడిగారట. అప్పుడు తెలిసింది.

మండలిలో భూకంపం వచ్చినంత పనైంది. పెద్ద ఏలికగారు స్వయంగా చదివి, మండిపడి, సవరణ వెయ్యమన్నారు. ఉత్తర్వు ఎన్ని గోడల మీదికి పోయిందో, ఎన్ని ఫైళ్లలో చేరిందో ఎవరికీ తెలీదు. ఒక్కటి కూడా తప్పించుకోకూడదని నిత్యానందం గారు గట్టి సవరణ రాశారు. పెద్ద ఏలికగారు చూడకుండా సంతకం పెట్టారు. చూసి పెట్టే అలవాటు ఆయనకి లేదు.

"మండలి పత్రాలన్నిటిలోనూ ‘ఏలికలు’ అని ఉన్న ప్రతిచోటా ‘ఎలుకలు’ అని చదువుకోవలెను. ఇది తక్షణం అమలులోకి వచ్చును."

నాకేం నవ్వు రాలేదు. సవరణతో నా ఎలుకల మీద వేటు ఖాయమైంది, అంతే. గదిలో కూర్చుని కలం కడిగి పెట్టేశాను. "పోనీలే అమ్మా, కుందేళ్లు వేద్దువుగాని" అన్నారు కోటంరాజుగారు. "కుందేలు ప్రపంచాన్ని జయిస్తానంటే ఎవరు నమ్ముతారండీ!" అని ఆయన మీద అరిచి, ఆ తర్వాత ఏడ్చేశాను.

అలా ఏడుస్తుండగానే నిత్యానందం గారు వచ్చారు. చేతిలో పూలదండ బొమ్మ ఉన్న రంగుల ఆహ్వానపత్రం.

"శుభవార్త మేడమ్. మీ ఎలుకల మీద నిషేధం ఎత్తేశాం."

"ఎందుకండీ?" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"తప్పలేదు. రేపు మన పథకాల పండుగ. పెద్ద ఎలుకగారు వేదిక ఎక్కాలి. ఎలుకలు కనబడకూడదని ఉత్తర్వు ఉంటే పోలీసులు ఆయన్ని గేటు దగ్గరే ఆపేస్తారు."

నేను ఆయన ముఖంలోకి చూశాను. నవ్వేమో అని వెతికాను. లేదు. ‘పెద్ద ఎలుకగారు’ అన్నప్పుడు ఆయన కళ్లు ఎప్పట్లాగే పైకప్పు వైపు వెళ్లాయి.

"సార్, మీరిప్పుడు ఎలుకగారు అన్నారు."

"సవరణ మేడమ్. మండలి పత్రాలన్నిటికీ వర్తిస్తుంది. నేను రాసిందే కదా, నేనే పాటించకపోతే ఎలా?"

"మళ్లీ సవరించకూడదా?"

"సవరణకి సవరణ నిబంధనల్లో లేదు. అలా మొదలెడితే ఎక్కడ ఆగుతుంది?" అని, కోటంరాజుగారి చేతిలో ఇంకో ఆహ్వానం పెట్టి దిగిపోయారు.

నా ఎలుకలు నాకు దక్కాయి. ఆ సంతోషంలో మిగతాది పట్టించుకోలేదు. కొత్త కలం కొనుక్కున్నాను. మర్నాడు కోటంరాజుగారితో కలిసి సభకి వెళ్లాను.

మైదానమంతా జనం. వేదిక మీద ఈ చివర్నుంచి ఆ చివరికి బట్ట కట్టారు. ‘మన ప్రియతమ ఎలుకలకు స్వాగతం’ అని బంగారు రంగులో ఉంది. నిత్యానందం గారు మైకు ముందుకొచ్చి స్వాగతోపన్యాసం మొదలుపెట్టారు. పాత ఉపన్యాసమే, మండలి పత్రం కాబట్టి సవరించి చదివారు.

"ఎలుకలు లేనిదే మనం లేము. మనం పండించే ప్రతి గింజ మీదా ఎలుకల చల్లని చూపు ఉంది. మనం నిద్రపోయినా ఎలుకలు నిద్రపోవు. పల్లె నుంచి పట్నం దాకా ఎలుకలు చొరబడని చోటు లేదంటే అతిశయోక్తి కాదు!"

చప్పట్లు. నేను నవ్వడానికి నోరు తెరిచాను. పక్క కుర్చీలో కూర్చున్నాయన "ష్!" అని గదమాయించాడు. వేదిక మీద పెద్ద ఏలికగారు లేచారు. గజమాల వేయించుకున్నారు. రాసిచ్చిన కాగితం విప్పి, గొంతు సవరించుకుని చదివారు.

"సోదర సోదరీమణులారా! నేను మీ ఎలుకగా బాధ్యతలు చేపట్టిన నాటి నుంచి..."

ఎవరూ నవ్వలేదు. ఇంత మైదానంలో ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు. ముందు వరసలో జై ఎలుక అని ఎవరో అరిచారు, వెనక వరసలదాకా అందుకున్నారు. ఎడమకాలి చెప్పులు, గడియారం ముళ్లు, కుర్చీకాళ్లు అంటూ మూడేళ్లు బుర్ర బద్దలుకొట్టుకున్నాను కదా! ఒక్క సంతకంతో ప్రపంచం ఎలుకల చేతికి వెళ్లిపోయింది. జనం లేచి నిలబడి దండం పెడుతున్నారు.

సభ అయ్యాక నిత్యానందం గారు చెమట తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చారు. "మీరు సహకరించకపోయినా లక్ష్యం సాధించాం మేడమ్. నూటికి నూరు శాతం" అన్నారు. మనిషి ముఖం వెలిగిపోతోంది. పాపం, ఆయన అబద్ధం చెప్పకుండా ఆ మాట అనడం బహుశా అదే మొదటిసారి.

తిరిగొచ్చాక కోటంరాజుగారు మేడమెట్ల దగ్గర ఆగి, నా వైపు చూడకుండా అన్నారు. "అమ్మా పేరిందేవీ, మన కథ అయిపోయిందమ్మా. గెలిచేశాక ఇంకా పథకమేమిటని అడుగుతారు పిల్లలు. ఆఖరు సంచిక వేసెయ్."

నేను పోట్లాడదామనుకున్నాను. కానీ ఏమని పోట్లాడను? పైకెళ్లి కొత్త కలం తీశాను. మైదానం వేశాను, బట్ట వేశాను, గజమాల వేశాను. దేన్నీ పెంచలేదు, దేన్నీ వంకర తిప్పలేదు. వెనక వరసల్లో, జనం కాళ్ల మధ్య, చుంచులమ్మని, కొక్కిరాయుణ్ణి నిలబెట్టాను. అందరూ దండాలు పెడుతుంటే వాళ్లిద్దరూ వేదిక వైపు తెల్లబోయి చూస్తున్నారు.

"అల్లుడుగారూ, మన ప్రయత్నంలో లోపం ఎక్కడుందంటారు?" అని అడిగింది చుంచులమ్మ.

కొక్కిరాయుడు ఈసారి అలగలేదు. చాలాసేపు ఆలోచించాడు.

"ఇదిగో, ఇదేనండీ అత్తయ్యగారూ" అన్నాడు. "మనం ఆలోచించాం."